షిజుఓకా: అరచేతిలో ఒదిగే కార్ల ఊరు

వడ్రంగుల వారసత్వం మీద లేచిన ఒక జపాన్ నగరం ప్రపంచానికి బుల్లి కార్లను పోతపోసి పంపుతున్నది. ఆ ఉక్కు అచ్చులకు అందని కార్లను స్వహస్తాలతో చేసుకునేవారు ఏటా మే నెలలో అక్కడికే చేరుకుంటారు.

టోక్యో నుంచి పడమరగా సాగే షింకన్‌సెన్ రైలులో ఒక గంట ప్రయాణం చేస్తే షిజుఓకా వస్తుంది. దూరం సుమారు 180 కిలోమీటర్లు. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కుడివైపు కిటికీలో ఫూజీ పర్వతం దర్శనమిస్తుంది. ఎడమవైపున సముద్రం ఉండి ఉండి దోబూచులాడుతుంది. కొండవాలుల నిండా తేయాకు తోటలు. ఇంతవరకు ఏ యాత్రికుడైనా ఎదురుచూసే దృశ్యమే. కాని స్టేషను దాటి ఊరిలోకి నడిచినవాడికి ఒక విచిత్రం ఎదురవుతుంది. వీధి పక్కన పెద్ద చట్రం ఒకటి నిలబెట్టి ఉంటుంది. ఆ చట్రానికి సన్నని కాడలతో అతుక్కున్నట్టుగా ఒక తపాలా పెట్టె కనిపిస్తుంది. అది బొమ్మ కాదు. అందులో నిజంగానే ఉత్తరాలు వేయవచ్చు. మరొకచోట టెలిఫోను కూడా అలాగే చట్రంలో బిగించి ఉన్నది.

ప్లాస్టిక్ మోడల్ కిట్టు పెట్టెను ఒక్కసారైనా తెరిచినవారికి ఆ చట్రం పరిచితమే. కారు తలుపులు, చక్రాలు, బంపర్లు, అద్దాలు అన్నీ చెట్టుకు కాయల్లా ఒక ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని వస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా తుంచి, అరగదీసి, అతికించి, రంగువేస్తే కారు తయారవుతుంది. 2020ల ఆరంభం నుంచి షిజుఓకా నగరపాలక సంస్థ ఊరినే ఒక కిట్టుగా ఊహించి, వీధుల్లో ఇటువంటి చట్రాలు నిలుపుతూ వస్తున్నది. ఆ గర్వానికి కారణం లేకపోలేదు. జపాన్‌లో తయారై బజారుకు వెళ్ళే ప్లాస్టిక్ మోడళ్ల విలువలో నూటికి 80 వంతులకు పైగా, ఏడు లక్షలకు లోపు జనాభా గల ఈ ఒక్క నగరానిదే. తామియా, ఆవోషిమా, ఫుజిమి సంస్థలు ఇక్కడివే. హసెగావా సంస్థ పొరుగున ఉన్న యైజు పట్టణంలో ఉన్నది. బందాయి సంస్థ కూడా 2006లో తన ప్రధాన మోడల్ కర్మాగారాన్ని ఇక్కడే నెలకొల్పింది.

అయితే షిజుఓకా కథ కర్మాగారాలతో ముగియదు. కర్మాగారం చేయనిదాన్ని, చేయలేనిదాన్ని, చేస్తే గిట్టుబాటు కానిదాన్ని ఇంటి మూలన బల్ల వేసుకుని సొంతంగా చేసుకునే మనుషులు ఈ కథలో సగం. తమకు కావలసిన కారు ఏ జాబితాలోనూ లేకపోతే వారు ఊరుకోరు. ప్లాస్టిక్ రేకులు కోసి, పుట్టీ మెత్తి, ఉప్పుకాగితంతో రుద్ది, ఆ భాగానికి ఒక మూలరూపం చేస్తారు. దానిని రబ్బరులో ముంచి అచ్చు తీస్తారు. ఆ అచ్చులో రెసిన్ పోసి, ఒకటికి పదిగా పుట్టిస్తారు. వారి పట్టుదలను అర్థం చేసుకోవాలంటే ముందుగా ఈ ఊరి కొయ్యపనిని గురించి తెలుసుకోవాలి.

శిల్పులు నిలిచిపోయిన ఊరు

షిజుఓకా పూర్వనామం సున్పు. జపాన్‌ను ఏకం చేసిన తొకుగావా ఇయెయాసు పదవిని కుమారునికి అప్పగించి, 1607లో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడు. 1616లో ఇక్కడే మరణించాడు. ఆయన కోసం సముద్రాన్ని చూస్తూ ఉండే కునోజాన్ కొండ మీద 1617 నాటికి ఒక దేవాలయం వెలసింది. కింది నుంచి ఆ గుడికి 1,159 రాతి మెట్లు. ఆ పైన ఇయెయాసు మనుమడు ఇయెమిత్సు హయాంలో, 1634లో, ఊరి నడుమనున్న సెంగెన్ దేవాలయ నిర్మాణానికి ఆజ్ఞ అయింది. వడ్రంగులు, శిల్పులు, లక్క పూత పనివారు దేశం నలుమూలల నుంచి వచ్చారు. పని ముగిసిన తరువాత కూడా, ఇక్కడి సమశీతల వాతావరణానికి ముచ్చటపడి చాలామంది తిరిగి వెళ్ళలేదని ఊరివారు చెప్పుకుంటారు. ఆ దేవాలయం అగ్నికి ఆహుతి అయినప్పుడు 1804లో మొదలైన పునర్నిర్మాణం సుమారు 60 సంవత్సరాలు సాగింది. అంటే ఒక తరం పని మొదలుపెడితే దాని మనుమలు ముగించారన్నమాట.

ఆ చేతులు ఖాళీగా కూర్చోలేదు. లక్క పాత్రలు, కొయ్య సామాను, పండుగ బొమ్మలు, వెంట్రుకవాసి వెదురు పుల్లలతో అల్లే బుట్టలు, ఇవన్నీ షిజుఓకాకు పేరు తెచ్చాయి. 1930లలో ఆ కొయ్యపని ఒక కొత్త దారి తొక్కింది. విమానయానం మీద మోజుతో ఆవోషిమా కుటుంబం పిల్లలకోసం కొయ్య విమానాల కిట్లు తయారుచేయనారంభించింది. యుద్ధకాలంలో పాఠశాలల్లోనే మోడల్ విమానాలు చేయించేవారు. 1940 జనవరిలో ఘోర అగ్నిప్రమాదం ఊరిని దహించింది. అయిదేళ్ల తరువాత, 1945 జూన్‌లో, బాంబుల వర్షం మిగిలినదాన్ని బూడిద చేసింది.

ఆ బూడిదలో 1946లో తామియా యోషియో అనే వ్యాపారి కలప కోత మిల్లు పెట్టాడు. ఇళ్లు కట్టుకునేవారికి దూలాలు కోసివ్వడం ఆయన వృత్తి. మరుసటి ఏడు చెక్కతో ఓడల, విమానాల కిట్లు చేయడం కూడా ఆరంభించాడు. 1953 నాటికి పెద్ద దూలాల వ్యాపారం మాని చిన్న బొమ్మలనే నమ్ముకున్నాడు. షిజుఓకా చేతికి చిన్న పని కొత్త కాదు.

ప్లాస్టిక్ కొట్టిన దెబ్బ

1950ల మధ్యలో విదేశీ ప్లాస్టిక్ కిట్లు జపాన్ బజారులో దిగాయి. 1958 చివరలో ఒక టోక్యో సంస్థ స్వదేశీ ప్లాస్టిక్ మోడల్‌ను విడుదల చేసింది. పిల్లల దృష్టి ఒక్కసారిగా అటు మళ్లింది. కొయ్య కిట్టులో ముక్కను పిల్లవాడే చెక్కుకోవాలి. ప్లాస్టిక్ కిట్టులో రూపం ముందే సిద్ధంగా ఉంటుంది. ఉలి పట్టిన ఊరికి అది చావుబతుకుల సమస్య అయింది.

తామియా సంస్థ 1960లో తన మొదటి ప్లాస్టిక్ కిట్టుగా యమాతో యుద్ధనౌకను 1/800 కొలతలో తీసుకువచ్చింది. అదే నౌకను పోటీ సంస్థ ఒకటి తక్కువ ధరకు అమ్మడంతో అచ్చుల ఖర్చు సైతం తిరిగి రాలేదు. సంస్థ మళ్ళీ కొయ్యవైపు మళ్లక తప్పలేదు. చివరకు దానిని ఒడ్డున వేసినవి చిన్న రేసు కార్లు. ఆటబొమ్మల కోసం చేసిన అచ్చులను వాడుకుని చవక కిట్లుగా అమ్మిన ఆ కార్లు విపరీతంగా అమ్ముడుపోయాయి. ఆ ఊపిరితోనే సంస్థ తిరిగి ప్లాస్టిక్ వైపు నడిచింది.

యోషియో కుమారుడు తామియా షున్‌సాకు తండ్రి పనిని అందుకుని దానిని ప్రపంచ ప్రసిద్ధం చేశాడు. ఆయన 2025లో కన్నుమూశాడు. బొమ్మ ఎంత చిన్నదైనా అసలును స్వయంగా కొలవనిదే చేయరాదన్నది ఆయన నియమం. 1967లో హోండా ఫార్ములా వన్ కారును 1/12 కొలతలో పెద్ద కిట్టుగా తెచ్చారు. 1970లలో పోర్షే కారు కిట్టు తలపెట్టినప్పుడు ఫొటోలు, కొలతలు చాలవనిపించి, నిజమైన పోర్షే 911 కారునొకదానిని కొన్నారు. కొన్న కారును ఇక విప్పడానికి ఏమీ మిగలని దాకా విప్పారు. తిరిగి బిగించడానికి పోర్షే నిపుణుడి సాయం తీసుకోవలసి వచ్చిందట. దాని ఫలితంగా 1976లో 1/12 పోర్షే 934 కిట్టు వెలువడింది. పెట్టిన ఖర్చును రాబట్టుకోవడానికి అదే ఏడు ఆ కారు పైభాగాన్ని రేడియో ద్వారా నడిచే కారుకు తొడిగారు. అది మరొక పెద్ద పరిశ్రమకు నాంది అయింది.

ఈ విజయగాథలో ఒక విశేషాన్ని చాలామంది గమనించరు. ప్లాస్టిక్ వచ్చినంతమాత్రాన కొయ్య పనివాడు అదృశ్యం కాలేదు. కంప్యూటర్లు రాకముందు ప్రతి ప్లాస్టిక్ కారుకూ వెనుక ఒక కొయ్య కారు ఉండేది. పనివాడు అమ్మకపు కొలత కంటె పెద్దదిగా మూలరూపాన్ని కొయ్యలో చెక్కేవాడు. ఒక యంత్రం దాని ఒంపులను తడుముతూ, చిన్నదిగా చేసి ఉక్కు దిమ్మలో తొలిచేది. గుడి దూలం మీద మేఘాలు చెక్కిన ఊరు కారు బానెట్టు మీది ఒంపును చెక్కింది. పని మారింది, చేయి మారలేదు.

ఉక్కు అచ్చు లెక్క

ఉక్కు అచ్చు మహా శక్తిమంతమైనది. కరిగిన ప్లాస్టిక్‌ను అధిక పీడనంతో దానిలోకి చిమ్మితే, కొద్ది క్షణాలలో చట్రానికి చట్రం చల్లబడి బయటపడుతుంది. ఒక్క అచ్చు వేలకు వేల కిట్లను ప్రసవిస్తుంది. జాగ్రత్తగా భద్రపరిస్తే దశాబ్దాల తరువాత కూడా పని చేస్తుంది. కాని ఒక కారుకు కావలసిన అచ్చులన్నీ చేయించడానికి అయ్యే ఖర్చు కోట్ల యెన్‌లకు చేరుతుంది. అందుచేత, వేలమంది కొంటారన్న నమ్మకం కుదిరిన కారుకే ఉక్కులో చోటు దొరుకుతుంది.

పందెం గెలిచిన కారుకు, సినిమాలో దూకిన కారుకు, యువకులు గోడల మీద బొమ్మ అంటించుకునే కారుకు ఆ యోగం ఉన్నది. కాని తండ్రి కూరగాయలు మోసిన వ్యానుకు? ఊరి డాక్టరుగారు రాత్రివేళ వచ్చిన కారుకు? పెండ్లికూతురు అత్తవారింటికి ఎక్కి వెళ్ళిన టాక్సీకి? వీటిని కోరుకునేవారు పదిమందో, ఇరవైమందో, ఒక్కొక్కప్పుడు ఒక్కరో. ఒక్కరి జ్ఞాపకానికి ఉక్కు అచ్చు చేయడం ఏ సంస్థకూ సాధ్యం కాదు. బుల్లి కార్ల భాగాలను చేతితో చేయడం, రెసిన్‌లో పోతపోయడం అనే విద్య ఈ ఖాళీలోనే పుట్టింది. ఉక్కు అచ్చు పదివేలమందికి నచ్చినదాన్ని దాచిపెడుతుంది. రబ్బరు అచ్చు ఒక్కరు మరువలేనిదాన్ని దాచిపెడుతుంది.

మే నెల బల్లలు

ఏటా మే నెలలో షిజుఓకాలోని ట్విన్ మెస్సె ప్రదర్శనశాలలో హాబీ షో జరుగుతుంది. తొలిరోజులు వ్యాపారులకు, తరువాతివి సామాన్య ప్రజలకు. ఒకవైపున సంస్థలు తమ కొత్త కిట్లను దీపాల వెలుగులో ప్రదర్శిస్తాయి. మరొకవైపున, 1990 నుంచి, మోడల్ క్లబ్బుల ఉమ్మడి ప్రదర్శన జరుగుతూ వస్తున్నది. దేశమంతటి నుంచి, కొంతమేరకు విదేశాల నుంచి కూడా, క్లబ్బులవారు తమ బల్లలు పరచి, ఏడాది పొడుగునా చేసినవాటిని వాటి మీద పెడతారు. తయారుచేసిన సంస్థ వారు, ఆ తయారీలో లోపం దిద్దుకున్న గృహస్థుడు ఒకే కప్పు కింద కలుసుకునే చోట్లు లోకంలో ఎక్కువ ఉండవు.

కార్ల బల్లల దగ్గర నడిచే యాత్రికుడు మొదట రంగుల నిగనిగలు చూస్తాడు. కొంచెం ఆగి చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. నాలుగు తలుపుల కారు కిట్టు ఒకటి రెండు తలుపులతో కనబడుతుంది. మరొకదానికి వెనుక భాగం కోసివేసి సామాను బండి తోక అతికించి ఉంటుంది. కొన్నిటికి రంగు వేయరు. ఏది కిట్టులోనిదో, ఏది తాము చేసినదో చూపరులకు తెలియాలని అలాగే ఉంచుతారు. అటువంటి కారు చిత్రమైన పటంలా ఉంటుంది. కిట్టు ప్లాస్టిక్ ఒక రంగు, చేత్తో కోసిన తెల్లని రేకు ఒక రంగు, పుట్టీ ఒక రంగు, పోతపోసిన రెసిన్ మీగడ రంగు. పనివాడు ఎక్కడ ఆగాడో, ఎక్కడ తప్పు చేసి దిద్దుకున్నాడో అంతా ఆ రంగులలో చదువుకోవచ్చు.

అంబాసిడర్ అయితే ఎలా?

ఈ పనిని భారతీయ పాఠకునికి పరిచితమైన ఉదాహరణతో చెప్పుకోవచ్చు. 1950ల చివర నుంచి 2014 దాకా మన దేశంలో తయారైన అంబాసిడర్ కారునే తీసుకుందాం. దాని పొడవు సుమారు 4.32 మీటర్లు. షిజుఓకా సంస్థలు కార్లకు ఎక్కువగా వాడే 1/24 కొలతలో అది 18 సెంటీమీటర్లు. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 10 సెంటీమీటర్లకు కొద్దిగా ఎక్కువ. అసలు కారు మీద ఒక సెంటీమీటరు వెడల్పు ఉన్న పట్టీ ఇక్కడ 0.4 మిల్లీమీటర్లు. అంటే గోరు మందం కూడా ఇక్కడ పెద్ద పొరపాటే.

మొదటి పని చూడటం. ముందునుంచి, పక్కనుంచి, పైనుంచి తీసిన ఫొటోలు కావాలి. ఫొటోలు అబద్ధమాడతాయి, కెమెరాకు దగ్గరగా ఉన్నది పెద్దదిగా కనబడుతుంది. అందుచేత సాధ్యమైతే టేపు పట్టుకుని అసలు కారునే కొలవాలి. అంబాసిడర్ ముందు జాలి మార్కు మారినప్పుడల్లా మారింది. ఏ సంవత్సరపు కారో తేల్చుకోకుండా మొదలుపెడితే సగం పని అయిన తరువాత చింతించవలసి వస్తుంది.

రెండవది మూలరూపం. స్టైరీన్ అనే తెల్లని ప్లాస్టిక్ రేకులు పావు మిల్లీమీటరు, అర మిల్లీమీటరు, ఒక మిల్లీమీటరు మందాలలో దొరుకుతాయి. రేకును కత్తితో గీత గీచి విరిస్తే తిన్నగా విరుగుతుంది. అతికించే ద్రవం రెండు ముక్కల అంచులను కరిగించి ఏకం చేస్తుంది. ముందుగా కారు అడ్డకోతలను రేకులతో కోసి, పడవ పక్కటెముకల్లా నిలుపుతారు. వాటి మధ్య ఖాళీని ఎపాక్సీ పుట్టీతో నింపి, గట్టిపడిన తరువాత చెక్కుతారు. తలుపు పిడులకు ఇత్తడి తీగ వంచుతారు. చక్రపు మూతలను చిన్న లేతు మీద తిప్పి తీస్తారు. కొండపల్లి బొమ్మల పనివారు రంపపు పొట్టు, చింతగింజల పొడి కలిపిన మక్కుతో అతుకులు మూసి నునుపు చేసే పద్ధతి తెలిసినవారికి ఈ పుట్టీ పని కొత్తగా తోచదు.

అన్నిటికన్నా కష్టమైనది రెండు పక్కలను ఒకేలా చేయడం. అంబాసిడర్ బుగ్గలవంటి మడ్‌గార్డులలో ఎడమది కుడిదానికంటె అరమిల్లీమీటరు ఉబ్బితే కన్ను వెంటనే పట్టేస్తుంది. అట్టముక్క మీద ఒంపు కత్తిరించుకుని, దానిని రెండు వైపులా తగిలించి పోల్చుకుంటూ పోవాలి. తరువాత బూడిద రంగు ప్రైమర్ పూస్తారు. దాని కింద ఏ లోపమూ దాగదు. లోపం కనబడితే మళ్ళీ పుట్టీ, మళ్ళీ ఉప్పుకాగితం, మళ్ళీ ప్రైమర్. ఇది పదిసార్లు జరిగినా ఎవరూ వింతగా చూడరు.

రబ్బరు గర్భం

మూలరూపం సిద్ధమైన తరువాత అసలు పరీక్ష మొదలవుతుంది. దానిని సగం దాకా బంకమట్టిలో కూరుస్తారు. మట్టి ఉపరితలం మీద అక్కడక్కడ చిన్న గుంటలు చేస్తారు. అచ్చు రెండు సగాలు తరువాత ఒకదానిలో ఒకటి సరిగా కూర్చోవడానికి అవే ఆధారం. చుట్టూ ప్లాస్టిక్ రేకులతోనో, పిల్లలు ఇళ్లు కట్టుకునే ప్లాస్టిక్ ఇటుకలతోనో గోడ కడతారు. అందులో ద్రవరూపంలోని సిలికోన్ రబ్బరును పోస్తారు. పోసే పద్ధతి ముఖ్యం. ఎత్తు నుంచి, ఒక మూలలో, దారంలాంటి సన్నని ధారగా పోయాలి. ధార సాగినకొద్దీ అందులోని గాలి బుడగలు పగులుతాయి. బంకమట్టి ఎంపిక కూడా తేలిక కాదు. గంధకం కలిసిన మట్టి తగిలితే కొన్ని రకాల సిలికోన్ ఎన్నటికీ గట్టిపడక జిగురుగా ఉండిపోతుంది. వారాల తరబడి చేసిన మూలరూపం ఆ జిగురులో చిక్కుకోవడం ఈ విద్యలో ఎందరికో ఎదురైన మొదటి గుణపాఠం.

ఒక రోజు గడిచాక పెట్టెను తిరగవేసి, మట్టి తీసివేసి, బయటపడిన రబ్బరు ముఖానికి వాజలైన్ వంటి జిడ్డు పదార్థాన్ని పలుచగా రాస్తారు. అది మరచితే రెండవసారి పోసే రబ్బరు మొదటిదానితో విడదీయరాకుండా ఏకమైపోతుంది. రెండవ సగం కూడా గట్టిపడితే, విడదీసి మూలరూపాన్ని బయటికి తీస్తారు. రబ్బరులో దాని ఖాళీ మిగులుతుంది. మన విగ్రహశిల్పులు మైనంతో రూపం చేసి, మట్టి కప్పి, మైనాన్ని కరిగించి పోగొట్టుకుంటారు. ఇక్కడ తల్లి చావదు. పైగా రబ్బరు సాగుతుంది కనుక, ఉక్కు అచ్చులో ఇరుక్కుపోయే లోపలి ఒంపులను కూడా ఇది వదిలిపెడుతుంది. పేదవాని అచ్చుకు దక్కిన వరం అది.

ఇక పోత. పాలియురిథేన్ రెసిన్ రెండు సీసాలలో వస్తుంది. రెండిటినీ చెప్పిన పాళ్లలో కలిపిన క్షణం నుంచి కాలం పరుగెడుతుంది. సాధారణంగా రెండు మూడు నిమిషాల వ్యవధి మాత్రమే ఉంటుంది. ఆలోగా కలపాలి, పోయాలి, అచ్చును తట్టి వంచి గాలిని తప్పించాలి. తేటగా ఉన్న ద్రవం వేడెక్కి, చూస్తుండగానే మీగడ రంగుకు మారుతుంది. మూలల్లో గాలి చిక్కితే బంపరు కొన లేకుండా పుడుతుంది. దీనికి ఎవరి చిట్కాలు వారివి. కొందరు అచ్చు లోపల ముఖానికి వేసుకునే పౌడరు చల్లుతారు. ద్రవం ఆ పొడి వెంట సన్నని సందులలోకి పాకుతుంది. కొందరు ముందుగా కుంచెతో మూలలకు రెసిన్ అద్దుతారు. స్తోమత గలవారు అచ్చును గాలి ఒత్తిడి గల డబ్బాలో ఉంచి, బుడగలను కనబడనంత చిన్నవిగా నలిపివేస్తారు.

కిటికీ అద్దాలకు ఈ పద్ధతి కుదరదు. పలుచని పారదర్శక ప్లాస్టిక్‌ను వేడిచేసి, ఒక దిమ్మ మీద పరచి, కింది నుంచి గాలి పీల్చి ఆ ఆకారానికి తెస్తారు.

ఈ పనికి ఒక మూల్యం కూడా ఉన్నది. రెసిన్ ద్రవాలలోని ఐసోసైనేట్లు ఊపిరితిత్తులకు హానికరం. గట్టిపడిన రెసిన్‌ను అరగదీసినప్పుడు లేచే ధూళి కూడా మంచిది కాదు. అనుభవజ్ఞులు కిటికీలు తెరిచి, ముసుగు ధరించి పని చేస్తారు. తడి కాగితంతో అరగదీస్తారు.

నకలుకు నకలు

రబ్బరు అచ్చు అల్పాయుష్షు గలది. 20, 30 పోతల తరువాత అది చిరగడం, పెళుసెక్కడం మొదలవుతుంది. కాబట్టి ఈ మార్గంలో ఎవరూ ధనవంతులు కాలేరు. అయినా దొంగలు లేకపోలేదు. ఒకరు మూడు నెలలు చెక్కిన భాగాన్ని కొని, దాని మీదనే అచ్చు తీసి, తమదిగా అమ్ముకునేవారు ఉన్నారు. మోడల్ చేసేవారి లోకంలో దీనికి మించిన నింద లేదు. విశేషమేమంటే, ఆ దొంగతనాన్ని వస్తువే బయటపెడుతుంది. గట్టిపడేటప్పుడు రబ్బరు, రెసిన్ రెండూ రవ్వంత కుంచించుకుపోతాయి. ఒక్క పోతలో ఆ తేడా కంటికి ఆనదు. నకలుకు నకలు తీస్తూ పోతే అది కూడుతుంది. మొత్తం తగ్గుదల అర శాతమే అయినా, 18 సెంటీమీటర్ల కారులో అది దాదాపు ఒక మిల్లీమీటరు. అంచులు మొద్దుబారుతాయి, గీతలు పూడుకుపోతాయి, కిట్టు చట్రం మీద తలుపు సరిగా కూర్చోదు. తల్లిని చూడని బిడ్డ అని తెలిసిపోతుంది.

మరి సంస్థలకు హక్కులున్న రూపాలను అభిమాని పోతపోయవచ్చునా? జపాన్ దీనికి ఒక చక్కని పరిష్కారం కనిపెట్టింది. 1980ల ఆరంభంలో, కర్మాగారాలు చేయని సినిమా రాక్షసులను, వీరులను అభిమానులు ఇంటిలోనే రెసిన్‌లో పోతపోసి అమ్మడం మొదలైంది. ఇంటి షెడ్డులో పుట్టినవి కనుక వాటికి గరాజ్ కిట్లని పేరు వచ్చింది. 1985లో మొదలైన వండర్ ఫెస్టివల్ అనే సంతలో, ఆ ఒక్క రోజుకు మాత్రమే చెల్లే అమ్మకపు అనుమతిని హక్కుదారులు ఇచ్చే ఆచారం ఏర్పడింది. సూర్యుడు అస్తమిస్తే హక్కూ అస్తమిస్తుంది. పెద్ద సంస్థ చిన్నవానిని నలపకుండా, చిన్నవాడు పెద్ద సంస్థను దోచకుండా చేసిన ఏర్పాటు అది. ఆ బొమ్మలవారి రెసిన్ విద్యనే కార్లవారు కూడా వాడుకున్నారు.

చేయి ఎక్కడ మిగులుతుంది?

షిజుఓకా ఇప్పుడు మరొక మలుపులో ఉన్నది. 1960లో కొయ్యకు ప్లాస్టిక్ ఎదురైనట్టు, ఈనాడు ఉలికి కంప్యూటరు ఎదురైంది. కర్మాగారాలలో మూలరూపాలు తెర మీదనే పుడుతున్నాయి. 2010ల నుంచి త్రీ-డీ ప్రింటర్లు ఇళ్లలోకి ప్రవేశించాయి. కాంతి తగిలితే గట్టిపడే ద్రవంలో నుంచి అవి పొర మీద పొరగా కారు జాలిని పైకి లేపుతాయి. వారం రోజులు పట్టే పని ఒక్క రాత్రిలో ముగుస్తుంది. అసలు కారు ఎడమ పక్కను సరిగా గీస్తే కుడి పక్కను యంత్రమే అద్దంలోలా చూపుతుంది. అరమిల్లీమీటరు ఉబ్బిన బుగ్గతో రాత్రంతా పోరాడవలసిన పని లేదు.

కొందరు దీనిని విద్య అంతమని విచారిస్తారు. మరికొందరు ముద్రించిన భాగాన్ని మూలరూపంగా పెట్టుకుని, పాత పద్ధతిలోనే రబ్బరు అచ్చు తీసి పోతపోస్తున్నారు. ముద్రించిన ముక్క మీది పొరల గీతలను అరగదీయడానికి ఇప్పటికీ ఉప్పుకాగితమే దిక్కు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏ యంత్రమూ అసలు కారు ముందు నిలబడి దాని ఒంపును మనిషి కోసం చూడదు. బానెట్టు ఎక్కడ ఉబ్బి ఎక్కడ తగ్గుతుందో, ఏ రేఖను కొలత చెప్పినదానికంటె వెంట్రుకవాసి పెంచితే ఆ కారు ఆ కారులా కనబడుతుందో నిర్ణయించేది కన్ను. అంతటినీ 24వ వంతుకు కచ్చితంగా కుదిస్తే కొన్ని గీతలు అసలు కనబడకుండా పోతాయి. ఎక్కడ సత్యం కోసం కొలతను సడలించాలో తెలిసినవాడే పనివాడు. కొయ్య మూలరూపాలు చెక్కినవారికి ఈ సంగతి తెలుసు. ఆ జ్ఞానం ఉలితోపాటు పోతుందా, లేక మీటలు నొక్కే వేళ్లలోకి ప్రవహిస్తుందా అన్నదే ఈ ఊరి ముందున్న అసలు ప్రశ్న.

దానికి జవాబు మే నెల ఆదివారం సాయంకాలం, హాబీ షో ముగిసే వేళ కొంత దొరుకుతుంది. మైకులో వీడ్కోలు వినిపిస్తుంది. బల్లల వెనుక నడివయసువారు, నెరసిన తలలవారు, వారి నడుమ అక్కడక్కడ కుర్రవారు తమ కార్లను దూదిలో చుట్టి పెట్టెలలో సర్దుకుంటారు. ఆ హడావుడిలో ఏదో ఒక కారు పక్క అద్దం ఊడి నేలమీద పడిపోతుంది. అంతటి చిన్న ముక్క ఇక దొరకదు. కర్మాగారం కిట్టు మాత్రమే తెలిసినవారు బెంగపడతారు. పోత విద్య తెలిసినవారు కాసేపు వెతికి, నవ్వి, పెట్టె మూస్తారు. అచ్చు ఇంటిలో ఉన్నది. రెండు సీసాల ద్రవం, రెండు నిమిషాల వ్యవధి, మరొక అద్దం.

అచ్చు చిరిగిపోతే మూలరూపం ఉన్నది. మూలరూపం కూడా పోతే? మళ్ళీ చెక్కాలి. చెక్కగల చేయి ఉన్నంతవరకు ఏ కారూ లోకం నుంచి పూర్తిగా పోయినట్టు కాదు. దేవాలయం కాలిపోతే 60 ఏళ్లు పట్టినా తిరిగి కట్టుకున్న ఊరికి ఈ మాట ఎవరూ చెప్పనక్కరలేదు.